ఆరు నానోమీటర్ల చెమ్మ

ఫిబ్రవరి 6, సోమవారం

ఈ నోటుపుస్తకంలో ఇంతవరకు మాటలే రాసుకున్నాను. నచ్చిన మాట దొరికితే తేదీ వేసి దాచుకోవడం అలవాటు. ఈ రోజు దాచుకుంటున్నది మాట కాదు, అంకె.

1.2 మిల్లీమీటర్లు.

రావలసింది 0.4. మూడుసార్లు చూశాను. నాలుగోసారి కళ్లద్దాలు తుడుచుకుని చూశాను.

సిలికాన్ బిళ్ళ మీద మా టెక్నీషియన్ దొన్ ఆన్సెల్మో వేసిన పొర పొడిగా ఉంటే ఊదా రంగు, తడిస్తే నీలం. పొర నిండా రంధ్రాలు, ఒక్కొక్కటి ఆరు నానోమీటర్లు. ఒక్క వెంట్రుక వెడల్పులో పదివేలు వరసగా పడతాయి. అంత సన్నటి దారిని కంటితో ఎవరూ చూడలేరు. కానీ నీళ్లు అందులోకి వెళ్లాయా లేదా అన్నది రంగు చెప్పేస్తుంది. సిరంజితో ఒక చుక్క పెడతాను. చుక్క చుట్టూ నీలం వలయం పుట్టి, పెరిగి, ఒకచోట ఆగుతుంది. చుక్క పంపే నీళ్లూ, వలయం నుంచి గాలిలోకి పోయే ఆవిరీ సమానమైన చోట ఆగుతుంది. ఆ వెడల్పు కొలిస్తే రంధ్రాల్లో నీళ్లు ఎంత వేగంగా నడిచాయో లెక్క కట్టొచ్చు.

మూడింతల వెడల్పంటే లెక్కలో తొమ్మిదింతల వేగం. తొమ్మిది!

నెలిదా పదకొండేళ్లుగా అంటున్నది ఇదే. గోడ తగినంత నున్నగా ఉంటే నీళ్లు గోడను పట్టుకోవు, జారిపోతాయి అని. ఆమె నా గైడ్ కాబట్టి నేను నమ్మాను. బయటివాళ్లు ఎవరూ నమ్మలేదు. ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకు, సాంతా ఫే ఊరు మొత్తం కిటికీలు మూసుకుని నిద్రపోతున్న వేళ, నాకు కనిపించింది.

ఫిబ్రవరి 7, మంగళవారం

మళ్లీ 1.2!

కొలవడానికి సియెస్తా, అంటే మధ్యాహ్నపు నిద్ర వేళే మంచిది. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా సంస్థలో అడుగుల చప్పుడు ఉండదు, మైక్రోస్కోప్ వణకదు. కిటికీ మూసి ఏసీ కూడా ఆపేస్తాను, దాని గాలికి చుక్క ఊగుతుంది కాబట్టి. ఆ వేళకు మిగిలేది ఆన్సెల్మో ఒక్కడే. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ టెక్నీషియన్. ఇల్లు నీళ్లకు అవతల, ఆల్తో వెర్దెలో. రెండు గంటల నిద్ర కోసం పడవెక్కి దిగడం తన వల్ల కాదంటాడు. ఫ్లాస్కూ, మాతే అనే ఆకుటీ తాగే సొరకాయ బుర్రా పట్టుకుని నా గదికి వచ్చేస్తాడు.

"ఏం బక్కమ్మా, చుక్కమ్మ ఏమంటోంది?"

"పరిగెడుతోంది దొన్ ఆన్సెల్మో! ఇటు రండి, మీరే చూడండి."

"నీళ్ల పరుగు నాకు చూపిస్తావా? వరదేడు మా వీధిలోకి వచ్చిన నది మా అత్తగారి మంచం పట్టుకుపోయింది. అత్తగారిని మాత్రం వదిలేసింది. అంత తెలివైంది."

నవ్వుతూనే వంగి చూశాడు. బుర్ర అతని నుంచి నాకు, నా నుంచి అతనికి, మైక్రోస్కోప్ మీదుగా. గోడ మీటరులో తేమ 52. రాసి పెట్టాను. అన్నీ రాసి పెడుతున్నాను.

ఫిబ్రవరి 8, బుధవారం

నెలిదా వచ్చింది. సియెస్తా మానేసి వచ్చింది!

"బెర్తోనే, ఏదీ, చూపించు."

నన్నెప్పుడూ ఇంటిపేరుతోనే పిలుస్తుంది. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఆన్సెల్మో ఆమెకూ మాతే పోశాడు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చుక్కను చూశాం. 1.5. నెలిదా, "మళ్లీ పెట్టు" అంది. మళ్లీ 1.5. ఆమెను చూసి పొరకు కూడా హుషారొచ్చినట్టుంది.

కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నా పెళ్లినాడు కూడా ఇంత సంతోషం కలగలేదు."

"తెలుసు డాక్టర్," అన్నాడు ఆన్సెల్మో. "నేనూ వచ్చాగా ఆ పెళ్లికి."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మార్చి పదహారు, కోర్దొబాలో సమావేశం. పదిహేను నిమిషాలు. నేను కాదు, నువ్వు మాట్లాడతావు. ఈ ఏడాది నా దగ్గర డాక్టరేట్‌కు ఒక్కటే చోటుంది, నీకు తెలుసు. అక్కడ నిలబడితే అది నీదే."

ఏం తిన్నానో, ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. వంతెన దగ్గర దిగడం మరిచిపోయి రెండు స్టాపులు ముందుకు పోయాను. తిరిగి నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన: ఆ చోటు నాది.

ఫిబ్రవరి 10, శుక్రవారం

జారుడు. రోజంతా ఈ మాట నోట్లోనే ఉంది. పలికితే నాలుక కూడా జారుతుంది.

ఫిబ్రవరి 14, మంగళవారం

నిన్న అమ్మమ్మ చేసిన సురుబీ చేప కూరిన ఎంపనాద కజ్జికాయలు ఎనిమిది తిన్నాను. కడుపులో ఒకటే గొడవ. ఆన్సెల్మో మొదటి బుర్ర ఇవ్వగానే తాగి "గ్రాసియాస్" అన్నాను.

ఇంకెక్కడైనా అది ధన్యవాదాలు చెప్పే మర్యాద మాట. మాతే బుర్ర తిరిగిస్తూ అంటే మాత్రం "ఇక నాకొద్దు" అని. ఒకే మాట ఒకచోట తలుపు తీసి, ఇంకోచోట తలుపు వేస్తుంది. దీని గురించి ఎప్పుడైనా ఒక పేజీ రాయాలి.

"అప్పుడేనా?" అన్నాడు. "ఒక్కడినే తాగడానికి ఇక్కడెందుకు, చెట్టు కిందికి పోతా." ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఏడో పొర బాగాలేదు. 0.4 వచ్చింది. పక్కన పెట్టాను.

ఫిబ్రవరి 15, బుధవారం

కడుపు ఇంకా కుదురుకోలేదు. తొమ్మిది, పది పొరలు కూడా పాడైనవే. 0.4, 0.4. బహుశా పొర వేయడానికి బిళ్ళను ద్రావణంలో ముంచేటప్పుడు ధూళి పడింది. ఒక అట్టపెట్టె తీసుకుని మీద "పాడు పొరలు" అని రాశాను. మూడూ అందులో పెట్టాను.

ఫిబ్రవరి 16, గురువారం

కడుపు బాగుంది. ఆన్సెల్మో బాగున్నాడు. పన్నెండో పొర ఇంకా బాగుంది: 1.2!

మంచి పొరలు తొమ్మిది, పాడువి మూడు. ఈ నిష్పత్తి చాలా మంచిదే.

ఫిబ్రవరి 20, సోమవారం

కార్నివాల్ సెలవు. వీధి చివర డప్పులు. నేను మాత్రం సమావేశానికి పంపే పేజీ పూర్తి చేసి నెలిదాకు పంపాను. శీర్షిక నేనే పెట్టాను: "ఆరు నానోమీటర్లలో పరిగెత్తే నీళ్లు". నెలిదా ఒక్క అక్షరం కూడా మార్చలేదు. నా మాటలు అచ్చులో వస్తాయి!

పాడు పొరల సంగతి పేజీలో రాయలేదు. చోటు లేదు. రెండు వందల మాటలే ఇచ్చారు.

ఫిబ్రవరి 23, గురువారం

ఆన్సెల్మో పెట్టె చూశాడు.

"ఇదేంటి?"

"ఏం లేదు, కొన్ని పొరలు సరిగ్గా రాలేదు."

"సరిగ్గా రాలేదా?" ఒక్కొక్కటీ తీసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. "ఏడు. తొమ్మిది. పది. ఏడూ ఎనిమిదీ ఒకే రోజు, ఒకే గిన్నెలో ముంచాను. ఎనిమిది మంచిదయ్యి ఏడు పాడైందా? దేంతో పాడైంది?"

"ధూళి పడుంటుంది."

"నా గిన్నెలోనా?"

నేను బిళ్ళలు మళ్లీ పెట్టెలో సర్దసాగాను.

"ముప్ఫై ఏళ్లమ్మా," అన్నాడు. బక్కమ్మా అనలేదు. "డాక్టర్ కూడా ఒక్కసారి ఈ మాట అనలేదు." ఫ్లాస్కు తీసుకుని వెళ్లిపోయాడు. బుర్ర నా బల్ల మీదే ఉండిపోయింది. దాని కోసం కూడా తిరిగి రాలేదు.

ఫిబ్రవరి 24, శుక్రవారం

0.4.

ఫిబ్రవరి 27, సోమవారం

0.4. కొత్త పొర. ఆన్సెల్మో రాలేదు. కోపంతో చేస్తే చెయ్యి కుదురుగా ఉండదు కదా. పొరలు అందుకే ఇలా వస్తున్నాయేమో.

ఫిబ్రవరి 28, మంగళవారం

పైన రాసింది కొట్టేద్దామనుకున్నాను. డైరీలో కొట్టేయకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. ఉండనీ. 0.4.

మార్చి 2, గురువారం

మూడో పొర బయటికి తీశాను. మొట్టమొదటి 1.2 ఇచ్చింది అదే. దాన్ని ఎవరూ ముట్టలేదు, డబ్బాలోనే ఉంది.

0.4.

పొరకు వయసైపోయి ఉంటుంది. నెల రోజులకే? అవును, నెల రోజులకే. అసాధ్యం ఏమీ కాదు.

ఇంకా రెండు వారాలు. గోడ మీటరులో తేమ 52. అన్నీ అవే. అన్నీ అవే అయినప్పుడు తేడా ఎక్కడిది?

మార్చి 3, శుక్రవారం

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆన్సెల్మో పనిగదికి వెళ్లాను. మాతే బుర్ర కడిగి తీసుకెళ్లాను.

"మూడో పొర కూడా 0.4 ఇస్తోంది దొన్ ఆన్సెల్మో. మీ పొరల్లో తప్పు లేదు. తప్పు నాది. ఎక్కడుందో మాత్రం తెలియడం లేదు. క్షమించండి."

బుర్ర అందుకుని వాసన చూశాడు. "కడిగావా దీన్ని? సబ్బుతోనా?"

"సబ్బుతో."

"అయ్యో దేవుడా, బుర్రను ఎవరైనా సబ్బుతో కడుగుతారా! రెండు నెలలు సబ్బు మాతే తాగాలి ఇక." లేచి ఫ్లాస్కు అందుకున్నాడు. "పద, నీ చుక్కమ్మ మొహం చూద్దాం."

అప్పటికే చుక్క పెట్టి ఉంచాను. వలయం 0.4 దగ్గర కదలకుండా ఉంది. ఆన్సెల్మో చూసి, "ఇదేనా పరుగు?" అన్నాడు.

"అప్పుడు పరిగెత్తింది."

"పరిగెత్తిందని ఎవరన్నారు? అడుగులు చూశావా?"

"వెడల్పు పెరిగింది కాబట్టి..."

"మా ఇంట్లో తేమ మోసుకొచ్చే ఉత్తరపు గాలి తోలితే గోడ నిలువునా తడుస్తుంది. అంత మాత్రాన నది నడిచొచ్చి గోడెక్కిందా? చెమ్మగిల్లింది, అంతే."

అంటూనే బుర్రలోకి వేడినీళ్లు వంచి, తను ఒకటి తాగి, మళ్లీ నింపి నాకిచ్చాడు. బుర్ర మైక్రోస్కోప్ మీదుగా వచ్చింది. నేను తాగుతూ మైక్రోస్కోప్ తెర వైపు చూశాను.

వలయం కదిలింది.

0.5. ఆన్సెల్మో ఏదో చెబుతూ ముందుకు వంగాడు. 0.7. బుర్ర తిరిగిచ్చాను. ఆవిరి. 0.9. మా ఇద్దరి తలలూ పొరకు జానెడు దూరంలో ఉన్నాయి. మా ఇద్దరి ఊపిరీ దాని మీదే. 1.1. 1.2.

"మాట్లాడకండి!" అని అరిచాను. "ఊపిరి కూడా పీల్చకండి!"

"చచ్చిపోమంటావా పిల్లా?"

"రెండు నిమిషాలు బయటికి వెళ్లండి. ఫ్లాస్కుతో సహా. దయచేసి!"

వెళ్లాడు. నేనూ గోడ దాకా వెనక్కి జరిగి, నోరు చేత్తో మూసుకుని తెర చూస్తూ నిలబడ్డాను. 1.0. 0.8. 0.5. 0.4. తలుపు తీసి పిలిచాను. మాతే పోయించాను. 1.2. పంపించాను. 0.4. ఇలా ఆరుసార్లు. ఆరోసారికి, "నన్ను ఏ నాటకంలోనైనా పెట్టుకో, ఇంతకంటే తక్కువసార్లు రమ్మంటారు" అన్నాడు.

చివరికి చుక్కే పెట్టకుండా ఉత్త పొర మీద మెల్లగా ఊదాను. పొర మొత్తం, అంచు నుంచి అంచు దాకా, నీలం అయింది. ఒక్క చుక్క నీళ్లు లేవు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే లోపు మళ్లీ ఊదా.

ఆరు నానోమీటర్ల రంధ్రం ఎంత సన్నదంటే, గాలిలో తేమ కాస్త పెరిగితే చాలు, ఆవిరి తనంతట తానే అందులో నీరైపోతుంది. పెద్ద గిన్నెలో ఎప్పటికీ జరగనిది ఆ ఇరుకులో జరుగుతుంది. నా వలయం చివర ఉన్న నీళ్లు చుక్క నుంచి వచ్చినవి కావు. గాలిలోంచి వచ్చినవి. మాతేలోంచి, మా కబుర్లలోంచి వచ్చినవి. ముగ్గురం కూర్చున్న రోజు 1.5! కడుపు నొప్పి రోజు 0.4! గోడ మీటరు తలుపు పక్కన, ఐదు మీటర్ల దూరంలో, ఏమీ తెలియకుండా 52 అంటూ కూర్చుంది.

ఈ ఇరవై మూడేళ్లలో ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. నేను కనిపెట్టింది అబద్ధమని తేలిన రోజున ఎందుకింత సంతోషమో అర్థం కావడం లేదు. నీళ్లు జారలేదు, పరిగెత్తలేదు. చెమ్మ, చెమ్మ, చెమ్మ. ఏడేళ్లప్పుడే వచ్చిన మాట, ఇన్నాళ్లూ దాని లోపలికి చూడలేదు.

నెలిదాకు సోమవారం చెప్పాలి.

మార్చి 6, సోమవారం

నెలిదాకు ఈ రోజు చాలా పని ఉంది.

మార్చి 7, మంగళవారం

ఈ రోజు కూడా. పైగా మెట్ల దగ్గర ఎదురై నవ్వింది. "కోర్దొబాలో ఒల్గీన్ ముందు వరసలో కూర్చుంటాడు. పదకొండేళ్లుగా నా మాట మీద నవ్వుతున్నాడు. నువ్వు చెప్పేటప్పుడు అతని మొహం చూడాలి నేను" అంది.

మార్చి 8, బుధవారం

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆన్సెల్మో చెప్పడు. పదిహేను నిమిషాలు, ఒక చోటు. ఆ తర్వాత తీరిగ్గా "సవరణ" అని ఒక పేజీ రాయవచ్చు. చాలామంది అలా చేస్తారు.

పై వాక్యం మూడుసార్లు చదివాను. "తీరిగ్గా" అన్న మాట ఇంత అసహ్యంగా ఉంటుందని తెలియదు.

మార్చి 9, గురువారం

చెప్పాను.

"నెలిదా, నీళ్లు జారలేదు."

"ఎవరన్నారు? ఒల్గీనా?"

"కాదు. మాతే."

ఆమె నవ్వలేదు. నా వెంట గదికి వచ్చింది. చూపించాను. గంటసేపు చూసింది. ఆన్సెల్మోను పిలిచి, పంపించి, మళ్లీ పిలిచింది. అతను ఈసారి ఒక్క పరాచికమూ ఆడలేదు. ఆమె వంగి పొర మీద తనే ఊదింది. నీలం. మళ్లీ ఊదింది. ఎన్నిసార్లు ఊదిందో లెక్కపెట్టలేకపోయాను, ఆమె మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను.

"ఆ రోజు నేనూ తాగాను కదా," అంది చివరికి. "నేనే ఎక్కువ తాగాను."

"క్షమించండి."

"ఎన్నాళ్లయింది తెలిసి?"

"శుక్రవారం."

"ఆరు రోజులు." అంతే అంది. అంతకంటే గట్టిగా తిట్టినా బాగుండేది.

"నేను కోర్దొబా వెళ్లడం మానెయ్యనా?"

"మానెయ్యమన్నానా? శీర్షిక అచ్చయిపోయింది, మారదు. దాని కింద నిలబడి ఏం చెప్పాలో నువ్వే చూసుకో. ఆ చోటు సంగతి మాత్రం ఇప్పుడు నన్నడక్కు."

మార్చి 13, సోమవారం

నాలుగు రోజుల్లో అరవై రెండు కొలతలు. ఆన్సెల్మో తేమ మీటరును విప్పి, సన్నటి తీగతో పొర పక్కకే తెచ్చి కట్టాడు. ఇప్పుడు అది కూడా మాతో పాటే ఊపిరి పీలుస్తోంది. బుర్ర వస్తే 52 నుంచి 68కి ఎగబాకుతుంది. వలయం ఎంత పెరగాలో ముందే చెప్పగలుగుతున్నాను. ముందే చెప్పగలుగుతున్నాను! నెలిదా నా గదిలోకి రావడం లేదు. కానీ రోజూ ఉదయం నా బల్ల మీద ఒక కాగితం ఉంటోంది, ఆమె రాతలో, ఒకే ఒక ప్రశ్నతో.

మార్చి 15, బుధవారం

కోర్దొబా బస్సు. నెలిదా నాలుగు వరసల ముందు కూర్చుంది. వెనక్కి తిరగలేదు. ఆకలి లేదు, నిద్ర లేదు. వెనక్కి పోయే మైదానం చూస్తూ మొదటి వాక్యాన్ని ఇరవైసార్లు మార్చాను.

మార్చి 16, గురువారం

తెర మీద పెద్ద అక్షరాలతో నా శీర్షిక. కింద నేను.

"నమస్కారం. నా పేరు లుద్మిలా బెర్తోనే. ఈ శీర్షిక తప్పు."

నవ్వారు. ఆపకుండా చెప్పాను. పాడు పొరల పెట్టె సంగతి, ఏ పొరా పాడు కాలేదన్న సంగతి, కడుపు నొప్పి సంగతి కూడా చెప్పాను. వాళ్లకు నచ్చింది అదే. జేబులోంచి పొరలు తీసి ముందు వరసకు ఇచ్చి "ఊదండి" అన్నాను. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు పిల్లల్లా బుగ్గలు పూరించి ఊదారు. వెనక నుంచి ఒక కోర్దొబావాడు అరిచాడు: "ఫెర్నెట్ మందు తాగినవాడు ఊదితే ఏ రంగొస్తుంది?"

"ఇంకా కొలవలేదు. ఇక్కడ అలాంటి మనుషులకు కొదవ లేనట్టుంది, సాయంత్రం కొలుస్తాను" అన్నాను. హాలు గొల్లుమంది.

డాక్టర్ ఒల్గీన్ మాత్రం నవ్వలేదు. సన్నగా, ఎండిన మొహంతో, పొరను ముక్కు దగ్గర పెట్టుకుని ఊదుతూనే ఉన్నాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"అమ్మాయ్, ఊపిరి తగిలాక రంధ్రం గోడ వైపు నుంచి నిండుతుందా, మధ్య నుంచా? ఎంత సేపట్లో?"

నెలిదా చివరి కాగితం మీద ఉన్న ప్రశ్న కూడా అదే.

"తెలియదు డాక్టర్."

"ఎవరికైనా తెలుసా?"

"నేను చదివినంతలో ఎవరికీ తెలియదు."

"మరి ఎప్పుడు తెలుస్తుంది?"

నేను నోరు తెరిచాను. జవాబు మాత్రం హాలు చివరి నుంచి వచ్చింది. నెలిదా లేచి నిలబడి ఉంది.

"ఐదేళ్లు ఆగు ఒల్గీన్. దానికి జవాబు చెప్పందే ఆ పిల్లకి నేను డాక్టరేట్ ఇవ్వను."

హాలంతా నవ్వింది. ఒల్గీన్ కూడా, పదకొండేళ్లుగా నవ్విన నవ్వు కాకుండా వేరే నవ్వు. ఆమె దగ్గర డాక్టరేట్‌కు పట్టేది ఎన్నేళ్లో నేను లెక్కపెట్టుకున్నాను. ఐదేళ్లు. మళ్లీ లెక్కపెట్టుకున్నాను.